ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీస్తే ప్రతిసారీ ఒక బాణం ఎక్కువో తక్కువో ఎందుకొస్తుంది?

ప్రశ్న అడిగినవారు హన్మకొండలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గమన నియమాల చాప్టర్‌లో సూత్రాలన్నీ నోటికొచ్చు, కానీ ఫ్రీ బాడీ డయాగ్రామ్ (ఎఫ్‌బీడీ, ఒక వస్తువు మీది బలాలను బాణాలతో చూపే బొమ్మ) గీయమంటే ఒక బలం ఎక్కువో తక్కువో పడుతోందట. ఘర్షణ బాణం ఎటు వేయాలో తేలడం లేదు. ఎన్ (తలం లంబంగా నెట్టే బలం) అంటే ఎంజి (బరువు, ద్రవ్యరాశి × జి) అని వేస్తే ఒక లెక్క రైటవుతోంది, ఇంకోటి తప్పుతోంది. కాస్ ఎక్కడ, సైన్ ఎక్కడ అన్నదీ గందరగోళమే. చివర్లో "బొమ్మ మానేసి నేరుగా సూత్రంతో చేస్తే నడవదా?" అని అడిగారు.

నడవదు. నాలుగు లెక్కలకు నడిచి ఐదో దానికి ముంచుతుంది. గీసే పద్ధతి మాత్రం ఒకటే: ఒక్క వస్తువును ఎంచుకోండి, దాని చుట్టూ పెన్సిల్‌తో ఒక గీత చుట్టండి, ఆ గీతను బయటి నుంచి ఎవరెవరు తాకుతున్నారో లెక్కపెట్టండి. తాకే ప్రతిదీ ఒక బలం ఇస్తుంది. తాకకుండా లాగేది మీ చాప్టర్‌లో భూమి ఒక్కటే. ఏ బాణం వేసినా "ఇది ఎవరిది?" అని అడగండి. జవాబుగా ఒక వస్తువు పేరు రావాలి: భూమి, పలక, తాడు, చెయ్యి, నీళ్లు. పేరు రాకపోతే ఆ బాణం చెరిపేయండి. ఎక్కువ వచ్చే బాణాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే రాలిపోతాయి. తక్కువ పడేవి ఆ గీత వెంట ఒక చుట్టు వేలు తిప్పితే దొరుకుతాయి.

తెలుగులో దీన్ని స్వేచ్ఛా వస్తు పటం అంటాం. ఇక్కడ స్వేచ్ఛ అంటే చుట్టూ ఉన్నవాటి నుంచి వస్తువును విడిపించి ఒంటరిగా నిలబెట్టడం. లారీ, పలక, మనిషి, తాడు అన్నీ బొమ్మలోంచి తీసేస్తాం, తీసేసిన ప్రతిదాని స్థానంలో అది చేస్తున్న పనికి గుర్తుగా ఒక బాణం పెడతాం. అందుకే ఎఫ్‌బీడీలో పలక బొమ్మ ఉండకూడదు. బొమ్మలో పలకా ఉండి, పలక ఇచ్చే బలమూ ఉంటే ఇంకా విడిపించనట్టే లెక్క. ఆన్సర్ షీట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే: ప్రశ్నలో ఇచ్చిన బొమ్మనే తిరిగి దించి, దాని మీదే బాణాలు గుచ్చడం.

ఒకే ఉదాహరణను పూర్తిగా నమిలితే మీ మూడు సందేహాలకూ జవాబు అందులోనే దొరుకుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో లారీకి చెక్క పలక ఏటవాలుగా ఆనించి మిర్చి బస్తా పైకి ఎక్కిస్తున్నారనుకోండి. బస్తా 40 కిలోలు, పలక వాలు 30 డిగ్రీలు, స్థైతిక (కదలక ముందు) ఘర్షణ గుణకం 0.5, గతిక (జారుతున్నప్పటి) ఘర్షణ గుణకం 0.4, గురుత్వ త్వరణం జి విలువ 10. హమాలీ పలక వెంబడే పైకి తోస్తున్నాడు.

బస్తా చుట్టూ గీత చుట్టాం. భూమి లాగుతోంది: 400 న్యూటన్లు, నిట్టనిలువుగా కిందికి. పలక వాలు ఎంతున్నా ఈ బాణం వంగదు. పలక తాకుతోంది. తాకే ప్రతి గట్టి తలమూ రెండు పనులు చేయగలదు, తలానికి లంబంగా నెట్టడం ఒకటి, తలం వెంబడి గుంజడం ఇంకొకటి. మొదటిది ఎన్, రెండోది ఘర్షణ. హమాలీ చేతులు తాకుతున్నాయి: ఎఫ్, పలక వెంబడి పైకి. ఇంకెవరూ తాకడం లేదు. లారీ తాకడం లేదు కాబట్టి లారీకి బాణం లేదు. మొత్తం నాలుగే బాణాలు.

ఇప్పుడు అక్షాలు. పలక వెంబడి ఒకటి, పలకకు లంబంగా ఒకటి. 400ని రెండుగా విడదీస్తే పలక వెంబడి కిందికి 400 సైన్ 30, అంటే 200. పలకలోకి 400 కాస్ 30, అంటే సుమారు 346. బస్తా పలకలోకి దూరిపోవడం లేదు, పలక మీంచి ఎగిరిపోవడం లేదు, కాబట్టి ఎన్ కూడా 346. దీన్నుంచి గరిష్ఠ స్థైతిక ఘర్షణ 0.5 × 346 = 173.

ఘర్షణ బాణం ఎటు? ఇక్కడే అందరూ తడబడతారు. హమాలీ చేతులు తీసేస్తే బస్తా 200తో కిందికి జారబోతుంది, ఘర్షణ పైకి గుంజుతుంది. కానీ అది ఎంత చేసినా 173కి మించదు, కాబట్టి బస్తా జారుతుంది. జారడం మొదలయ్యాక గతిక ఘర్షణ 0.4 × 346, దాదాపు 139. మిగిలిన 61 న్యూటన్లు 40 కిలోల మీద పనిచేస్తే త్వరణం సుమారు 1.5 మీ/సె². జారకుండా ఆపడానికి హమాలీ కనీసం 27 న్యూటన్లు ఇవ్వాలి.

ఇక అతను 100 న్యూటన్లతో తోస్తూ బస్తాను కదలకుండా ఉంచాడనుకోండి. కిందికి 200, పైకి 100, ఇంకో 100 తక్కువ. ఘర్షణ ఆ 100ని పైకి ఇస్తుంది, 173 కాదు. 200తో తోస్తే? ఘర్షణ సున్నా. పలక గరుకుగానే ఉంది, గుణకం 0.5గానే ఉంది, అయినా సున్నా. 300తో తోస్తే బస్తా పైకి జారబోతుంది, ఘర్షణ దిశ తిరగబడి 100 న్యూటన్లతో కిందికి లాగుతుంది. 373 దాటితేగానీ బస్తా పైకి కదలదు. కదిలాక సమవేగంతో నడిపించడానికి 339 చాలు, అందుకే మొదటి ఊపుకే ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది.

బస్తా అదే, పలక అదే, వాలు అదే. ఘర్షణ మాత్రం పైకి 173 నుంచి సున్నా మీదుగా కిందికి 173 దాకా తిరిగొచ్చింది. కాబట్టి మ్యూఎన్ (ఘర్షణ గుణకం × ఎన్) అనేది స్థైతిక ఘర్షణ విలువ కాదు, దాని హద్దు. వస్తువు కదలకుండా ఉంటే ఘర్షణను మిగతా బలాల నుంచి రాబట్టండి, వచ్చిన విలువ హద్దులో ఉందో లేదో చూడండి. మ్యూఎన్‌ని నేరుగా వేయదగ్గవి రెండే సందర్భాలు: వస్తువు నిజంగా జారుతున్నప్పుడు (అప్పుడు గతిక గుణకంతో), లేదా లెక్కలో "జారడానికి సిద్ధంగా ఉంది" అని రాసి ఉన్నప్పుడు.

దిశ కోసం ఒక ఉపాయం. ఆ తలానికి నూనె పూసినట్టు ఊహించండి. ఘర్షణ లేకపోతే ఈ వస్తువు ఈ తలం మీద ఎటు జారేది? దానికి ఎదురుగా బాణం వేయండి. "కదలికకు వ్యతిరేకంగా" అని బట్టీ పట్టొద్దు, అది సగం నిజమే. బస్తా ఎక్కాక లారీ బయల్దేరిందనుకోండి. లారీ అడుగు పలకకు నూనె పూసి ఉంటే బస్తా ఉన్నచోటే ఉండిపోయేది, అంటే లారీని బట్టి చూస్తే వెనక్కి జారేది. కాబట్టి బస్తా మీద ఘర్షణ ముందుకు. బస్తా కూడా ముందుకే పోతోంది, ఘర్షణా ముందుకే ఉంది. అసలు బస్తాను ముందుకు తీసుకుపోతున్నదే ఆ ఘర్షణ. అడుగు పలకకూ బస్తాకూ మధ్య స్థైతిక గుణకం 0.4 అయితే అది ఇవ్వగల త్వరణం 0.4 × 10 = 4 మీ/సె². లారీ 3తో బయల్దేరితే బస్తా కదలకుండా వెంట వస్తుంది. డ్రైవర్ 5తో బ్రేకు కొడితే బస్తా ముందుకు జారుతుంది.

కాస్, సైన్ గోల గురించి. "వాలుతలం అనగానే ఎన్ = ఎంజి కాస్ థీటా" (థీటా అంటే కోణం) అని రాసుకోవడం మానేయండి. కోణం ఎక్కడ ఇచ్చారో చూడకుండా రాస్తే ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడతారు. కొందరు ప్రశ్నలో కోణాన్ని నిలువు గీత నుంచి ఇస్తారు, అప్పుడు రెండూ తారుమారవుతాయి. పరీక్ష ఇది: థీటాని సున్నా చేయండి. వాలు కోణం సున్నా అంటే పలక నేల మీద పడుకుంది, కిందికి జార్చే బలం మాయం కావాలి. సైన్ 0 సున్నా, కాబట్టి జార్చేది సైన్. ఐదు సెకన్ల పని, ఏ లెక్కకైనా పనికొస్తుంది.

ఇంకో తప్పు దీని పక్కనే ఉంటుంది. ఎంజిని విడదీసి రెండు ముక్కలు గీశాక అసలు ఎంజి బాణాన్ని కూడా లెక్కలో వదిలేస్తారు. భూమి ఒకసారి లాగుతుంటే మీరు రెండుసార్లు లెక్కేశారన్నమాట. ఆ ముక్కలను చుక్కల గీతలతో వేయండి, వేసిన వెంటనే అసలు బాణం మీద రెండు చిన్న అడ్డగీతలు కొట్టండి. అంతకన్నా మేలు, ఎఫ్‌బీడీలో అసలు బాణాలే ఉంచి విడదీయడాన్ని పక్కన వేరే బొమ్మలో చేయడం.

ఎన్‌కి సొంత సూత్రం లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బరువుకు సూత్రం ఉంది, స్ప్రింగుకు ఉంది, గతిక ఘర్షణకు ఉంది. ఎన్‌కీ తాడు తన్యతకూ (తాడు లాగే బలానికీ) లేదు. వస్తువు తలంలోకి దూరకుండా ఎంత కావాలో అంత ఇస్తుంది ఎన్, ఆ "ఎంత" అన్నది న్యూటన్ రెండో నియమం (మొత్తం బలం = ద్రవ్యరాశి × త్వరణం) నుంచే రావాలి. లిఫ్టులో 60 కిలోల మనిషి త్రాసు మీద నిలబడ్డాడు. లిఫ్టు ఆగి ఉన్నా సమవేగంతో పోతున్నా ఎన్ 600. పైకి 2 మీ/సె² త్వరణంతో లేస్తుంటే ఎన్ − 600 = 60 × 2, అంటే 720. కిందికి అదే త్వరణంతో దిగుతుంటే 480. ఈ మొత్తంలో భూమి లాగుడు 600 దగ్గరే ఉంది, త్రాసు చూపిస్తున్నది ఎన్ మాత్రమే.

నేల మీది పెట్టెతో ఇంకా తేటగా తెలుస్తుంది. 20 కిలోల పెట్టె, రెండు గుణకాలూ 0.4 అనుకోండి, 100 న్యూటన్ల బలం, నేలతో 30 డిగ్రీల కోణంలో. తాడు కట్టి పైకి ఏటవాలుగా గుంజితే, ఆ బలంలో నిలువు ముక్క 50 పెట్టెను కాస్త ఎత్తుతుంది. ఎన్ 200 − 50 = 150, ఘర్షణ 60, ముందుకు లాగే ముక్క 86.6. పెట్టె 1.3 మీ/సె² త్వరణంతో కదులుతుంది. అదే 100 న్యూటన్లతో వెనక నుంచి కిందికి ఏటవాలుగా తోస్తే ఎన్ 250, ఘర్షణ హద్దు 100. మీ దగ్గర అడ్డంగా ఉన్నది 86.6. పెట్టె కదలదు, ఘర్షణ కూడా 86.6 దగ్గరే ఆగుతుంది. రెండుచోట్లా ఎన్ = ఎంజి = 200 అని వేసినవాళ్లకు రెండూ ఒకే జవాబు వస్తాయి. మీకు "ఒక లెక్క రైటు, ఇంకోటి తప్పు" అవుతున్నది ఇందుకే.

మలుపు దగ్గర ఒకవైపు ఎత్తుచేసిన రోడ్డు లెక్కలో మరీ చిత్రం. ఘర్షణ లేదనుకుంటే అక్కడా రెండే బాణాలు, ఎంజి, ఎన్. వాలుతలం మీద నున్నగా జారే దిమ్మెకు ఉన్నవీ అవే రెండు. కానీ దిమ్మెకు ఎన్ = ఎంజి కాస్ థీటా, రోడ్డు మీది కారుకు ఎన్ కాస్ థీటా = ఎంజి. బాణాలు ఒకటే అయినా జవాబులు వేరు, ఎందుకంటే త్వరణం దిశ వేరు. దిమ్మె వాలు వెంబడి త్వరణం పొందుతుంది, కారు వలయం కేంద్రం వైపు, అంటే అడ్డంగా. త్వరణం ఎటుందో ఒక అక్షం అటు పెట్టండి, రెండో అక్షం వెంబడి మొత్తం సున్నా అవుతుంది. వాలు కనిపించగానే అక్షాలు వంచేయడం అలవాటైనవాళ్లు ఈ లెక్కలో ఇరుక్కుంటారు.

ఎక్కువ పడే బాణాల సంగతికి వద్దాం. "మరి ముందుకు పోయే బలం ఏమాయె సార్?" అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, అడగాల్సిందే. జొన్న చేలో పిట్టలను తోలడానికి ఒడిసెలతో రాయి విసిరితే, గాల్లో ఉన్న రాయి మీద ముందుకు ఏ బలం ఉంది? ఎవరు తాకుతున్నారు? ఒడిసెల విడిచిపెట్టింది, చెయ్యి దూరంగా ఉంది. గాలి నిరోధాన్ని వదిలేస్తే ఉన్నది భూమి లాగుడు ఒక్కటే, కిందికి. రాయి ముందుకు పోతున్నది దానికి అప్పటికే వేగం ఉంది కాబట్టి. వేగం ఉండడానికి బలం అక్కర్లేదు, వేగం మారడానికే కావాలి. రాయి పైకి లేస్తున్నా, శిఖరం దగ్గర ఉన్నా, కిందికి దిగుతున్నా ఎఫ్‌బీడీ ఒకటే. శిఖరం దగ్గర బలం సున్నా అని రాసేవాళ్లు చాలామంది. అక్కడ సున్నా అయ్యేది వేగంలోని నిలువు ముక్క మాత్రమే.

ఒడిసెల ఇంకా తిరుగుతుండగా అయితే? రాయిని తాకేది ఒడిసెల, దాని తాడు లోపలికి లాగుతుంది. ఆ లాగుడే అభికేంద్ర బలం (వలయం కేంద్రం వైపు ఉండే బలం) పని చేస్తోంది. తన్యత బాణం వేసి, దాని పక్కనే "అభికేంద్ర బలం" అని ఇంకో బాణం వేస్తే ఒకే మనిషికి రెండు జీతాలు ఇచ్చినట్టు. అభికేంద్రం అనేది ఉద్యోగం పేరు, మనిషి పేరు కాదు. ఆ ఉద్యోగం ఒక లెక్కలో తన్యత చేస్తుంది, ఒక లెక్కలో ఘర్షణ, ఇంకోదాంట్లో ఎన్. అలాగే ఎంఏ (ద్రవ్యరాశి × త్వరణం) కూడా బలం కాదు. బలాలన్నీ సమీకరణంలో ఒకవైపు, ఎంఏ రెండోవైపు. త్వరణాన్ని చూపించాలంటే బొమ్మకు కాస్త దూరంగా, వేరే రంగుతో గీయండి, వస్తువుకు అంటించొద్దు.

బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలుతారు. ముందుకు తోసిందెవరు? ఎవరూ లేరు. పాదాలను బస్సు ఫ్లోర్ వెనక్కి లాగింది, పై శరీరం తన వేగంతో పోతూనే ఉంది. బస్సులో కూర్చుని లెక్క చేస్తే మిథ్యా బలం (ఎవరూ ఇవ్వకపోయినా లెక్క కుదరడానికి వేసుకునే బలం) కలపాలి, రోడ్డు పక్కన నిలబడి చేస్తే కలపకూడదు. రెండూ సరైన దారులే, ఒకే లెక్కలో రెండింటినీ కలిపితేనే తప్పు. మొదటి ఏడాది రోడ్డు పక్కనే నిలబడండి. కాజీపేట నుంచి రైలు బయల్దేరినప్పుడు కొక్కేనికి వేలాడే సంచి కొద్దిగా వెనక్కి వాలుతుంది కదా. నేల మీంచి చూస్తే సంచికి రెండే బాణాలు, బరువు, తాడు లాగుడు. టి కాస్ థీటా = ఎంజి, టి సైన్ థీటా = ఎంఏ. భాగిస్తే టాన్ థీటా = ఏ/జి. రైలు త్వరణం 0.5 మీ/సె² అయితే టాన్ విలువ 0.05, కోణం 3 డిగ్రీల లోపే. మిథ్యా బలం ఊసే రాలేదు.

న్యూటన్ మూడో నియమం జంటలు (చర్య, ప్రతిచర్య) ఒకే బొమ్మలో ఎప్పుడూ కలవవు. బల్ల మీది పుస్తకానికి ఎంజి, ఎన్ సమానంగా, ఎదురెదురుగా ఉన్నాయని వాటిని చర్య, ప్రతిచర్య అనేస్తారు. కాదు. భూమి పుస్తకాన్ని లాగితే దాని జంట పుస్తకం భూమిని లాగడం, అది భూమి బొమ్మలో ఉంటుంది. బల్ల పుస్తకాన్ని నెడితే దాని జంట పుస్తకం బల్లను నెట్టడం, అది బల్ల బొమ్మలో. పరీక్ష తేలికే: పేర్లు తిప్పి చదవండి. "ఏ, బీని నెట్టింది" అన్నది "బీ, ఏని నెట్టింది" కావాలి, అదే రకం బలం కావాలి. అందుకే బాణం పక్కన ఉత్త ఎన్ అని కాకుండా "ఎన్, పలక నుంచి బస్తాకు" అని రెండు పేర్లూ రాసే అలవాటు చేసుకోమని పదే పదే చెప్తాం.

ఎడ్లబండి ప్రశ్న ఉంది కదా, "ఎద్దు బండిని ఎంత లాగితే బండి ఎద్దును అంతే లాగుతుంది, మరి బండి ఎలా కదులుతుంది?" అని. రెండు బొమ్మలు గీస్తే చిక్కు విడిపోతుంది. బండి బొమ్మలో అడ్డంగా ఉన్నవి కాడి లాగుడు ముందుకు, చక్రాల దగ్గర నేల ఇచ్చే నిరోధం వెనక్కి. మొదటిది పెద్దదైతే బండి కదులుతుంది, అంతే. బండి ఎద్దును లాగడం అనేది ఎద్దు బొమ్మలోకి పోయింది. ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి తన్నుతుంది, నేల ఎద్దును ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడు బండి వెనక్కి లాగేదానికన్నా ఎక్కువగా ఉంటే ఎద్దుకు త్వరణం. వాన పడ్డ నల్లరేగడిలో ఎద్దులు ఎంత బలమైనవైనా బండి లేవకపోవడానికి కారణం ఈ రెండో బొమ్మలోనే ఉంది. గిట్టలు జారితే నేల తిరిగి నెట్టగలిగేదీ తగ్గుతుంది. పైగా చక్రాలు దిగబడి మొదటి బొమ్మలో నిరోధం పెరుగుతుంది.

తాళ్లు, గిరకల గురించి రెండు మాటలు చాలు. బావిలోంచి 12 కిలోల నీళ్ల బొక్కెనను సమవేగంతో చేదితే తాడు తన్యత 120. మొదట్లో 1 మీ/సె² త్వరణం ఇస్తే 132. తాడు, గిరక తేలికైనవి, గిరకలో ఘర్షణ లేదు అనుకున్నంతసేపూ తాడు పొడవునా తన్యత ఒకటే. గిరక బొమ్మ విడిగా గీస్తే తాడు రెండువైపులా కిందికి లాగుతోంది, కాబట్టి మీరు నిట్టనిలువుగా కిందికి గుంజుతుంటే పైన దూలం మోసేది 240, బొక్కెన బరువుకు రెట్టింపు. గిరకకు రెండు కొసలా 3 కిలోలు, 2 కిలోలు వేలాడే లెక్కలో తన్యతను 30 అనో 20 అనో రాస్తారు. అది 30 అయితే మూడు కిలోలది కదలదు. 20 అయితే రెండు కిలోలది కదలదు. రెండూ కదులుతున్నాయి కాబట్టి రెండింటికీ మధ్యలో ఉండాలి. రెండు బొమ్మలు, రెండు సమీకరణాలు వేస్తే త్వరణం 2, తన్యత 24.

ఏ వస్తువు చుట్టూ గీత చుట్టాలన్నది అడిగినదాన్ని బట్టి. ఇంజన్ వెనక తలా 20 టన్నుల వ్యాగన్లు రెండు, త్వరణం 0.2 మీ/సె², నిరోధం వదిలేశాం. మొదటి కప్లింగ్‌లో (ఇంజన్‌కూ మొదటి వ్యాగన్‌కూ మధ్య కొక్కెంలో) బలం కావాలంటే రెండు వ్యాగన్లనూ కలిపి గీత చుట్టండి: 40,000 × 0.2 = 8,000 న్యూటన్లు. రెండింటి మధ్య కప్లింగ్ ఈ గీత లోపల ఉంది కాబట్టి బొమ్మలో రాదు. అది కావాలంటే చివరి వ్యాగన్ ఒక్కదాని చుట్టూ చుట్టండి: 4,000. గీత లోపలి బలాలు కనిపించవు, గీతను కోసే బలాలే కనిపిస్తాయి.

నీళ్లున్న లెక్కల్లోనూ పద్ధతి మారదు. రామప్ప గుడి గోపురపు ఇటుక నీళ్లలో తేలుతుందంటే దానికి బరువు లేదని కాదు. భూమి కిందికి లాగుతోంది, చుట్టూ తాకే నీళ్లు పైకి నెడుతున్నాయి, రెండూ సమానం. అడుగున నేల తాకడం లేదు కాబట్టి ఎన్ లేదు. మామూలు ఇటుకైతే మునిగి అడుగుకు చేరి మూడో బాణం సంపాదించుకుంటుంది.

గీసేటప్పుడు చేతి పని గురించి కాస్త. వస్తువును బియ్యపు గింజంత చుక్కగా పెట్టి బాణాలన్నీ అందులోంచి బయటికి వేయండి. తోసే బలమైనా తోక చుక్క దగ్గరే ఉండాలి, లేకపోతే దిశ చదవడంలో పొరపాటు పడతారు. (తిరగబడడం, నిచ్చెన లాంటి లెక్కల్లో మాత్రం చుక్క పనికిరాదు, బలం ఎక్కడ తాకుతుందో ముఖ్యం.) మొదటి నెల గ్రాఫ్ పేపర్ మీద కొలతకు గీయండి. మిర్చి బస్తాకు 1 సెం.మీ. అంటే 50 న్యూటన్లు అనుకుంటే బరువు 8 సెం.మీ., ఎన్ 6.9 సెం.మీ. బస్తా నిశ్చలంగా ఉన్న సందర్భంలో ఈ బాణాలను ఒకదాని కొనకు ఇంకోదాని తోక కలుపుతూ పోతే మొదలుపెట్టిన చోటికే తిరిగి రావాలి. రాకపోతే ఒక బాణం తక్కువో, ఎక్కువో, వంకరో. మిగిలిన ఖాళీ ఎటుందో చూస్తే తప్పిపోయిన బాణం దిశ కూడా తెలిసిపోతుంది.

ఇంట్లో లగేజీ తూచే కొక్కెం త్రాసు ఉంటే ఒక ఇటుకకు తాడు కట్టి నేల మీద మెల్లగా అడ్డంగా గుంజండి. అంకె పెరుగుతూ పోతుంది, ఇటుక కదలదు. ఘర్షణ మీ లాగుడుకు సరిపడా పెరుగుతోందన్నమాట. కదిలిన క్షణంలో అంకె సాధారణంగా కాస్త తగ్గుతుంది. ఇటుక మీద ఇంకో ఇటుక పెట్టి గుంజితే దాదాపు రెట్టింపు వస్తుంది. కిలోల్లో వచ్చిన అంకెను 9.8తో గుణిస్తే న్యూటన్లు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, బొమ్మకు టైం ఎక్కడిది అంటారేమో. అలవాటైనవాళ్లకు చుక్క, నాలుగు బాణాలు వేయడానికి 15 సెకన్లు చాలు. బొమ్మ లేకుండా గుర్తు తప్పి, ఆప్షన్లలో జవాబు కనిపించక మళ్లీ మొదటి నుంచి చేయడానికి పోయేది నిమిషం పైనే. ప్రశ్న పెట్టేవాళ్లు ఆ తప్పు గుర్తుతో వచ్చే అంకెను కూడా ఆప్షన్లలో పెడతారు, అప్పుడు నిమిషంతో పాటు మార్కూ పోతుంది.

ఒకటి మీరు చేసి చూడండి. అదే మిర్చి బస్తా, అదే పలక, కానీ హమాలీ పలక వెంబడి కాకుండా నేలకు సమాంతరంగా అడ్డంగా తోస్తున్నాడు. బస్తా సమవేగంతో పైకి పోవాలంటే ఎంత బలం కావాలి? మీకు 339 వస్తే తోపును రెండు ముక్కలు చేయడం మరిచారు. 391 వస్తే ముక్కలు చేశారు గానీ ఎన్‌ని పాత 346 దగ్గరే వదిలేశారు, తోపులో ఒక ముక్క బస్తాను పలకలోకి అదుముతోంది. సరైన జవాబు సుమారు 508, అప్పుడు ఎన్ దాదాపు 600.